గేటు పుస్తకంలో నా పేరు

చెల్లెలి భర్త చెయ్యి విరగ్గొట్టాలని రెండేళ్ళు తిరిగాను. పాలు పోసి వచ్చే దారిలో చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ కింద, వాడి టైర్ల దుకాణం ఎదురుగా బండి ఆపి, షట్టర్ ఎత్తే ఆ కుడి చేతినే చూసేవాణ్ణి. దానితోనే వాడు నా చెల్లెలి దవడ పగలగొట్టాడు.

దెబ్బలు తిని ఆమె జహనుమాలోని మా ఇంటికి వచ్చిన ప్రతిసారీ నేను చేసింది ఒకటే. కల్లు కాంపౌండ్ నుంచి రెండు సీసాలు తెచ్చి ఇచ్చేవాణ్ణి. "తాగి పండుకో చెల్లే, పొద్దుగాల దింపొస్త" అనేవాణ్ణి. ఆ కల్లులో నిద్రమందు కలుపుతారని బస్తీలో తెలియనివాళ్ళు లేరు. నాకూ తెలుసు. ఆమె ఏడుపు ఆగితే చాలనుకున్నాను. కొన్నాళ్ళకు సీసా లేకపోతే చేతులు వణికేవి, గోడతో మాట్లాడేది. అప్పుడు తాగుబోతని తలుపేసుకున్నదీ నేనే.

ఆ తర్వాత ఆమెను చేర్చుకుని నయం చేసిన ఆసుపత్రివాళ్ళు జల్‌పల్లిలో ఒక ఇంటికి పంపారు. మత్తు మానిన ఆడవాళ్ళు నిలదొక్కుకునేదాకా అక్కడ ఉండొచ్చు. ఎవరి గది వాళ్ళది, తాళంచెవి వాళ్ళ దగ్గరే. వంట వంతులవారీగా చేస్తారు. గేటు దగ్గర కూర్చోవడమూ వంతే. తమకోసం ఎవరొస్తే లోపలికి రానివ్వకూడదో ఒక్కొక్కరూ అక్కడి పుస్తకంలో రాసిపెడతారు.

నేను వెళ్ళిన రోజు గేటు వంతు ఆమెదే. ఏడాది తర్వాత చూడటం. కాస్త ఒళ్ళు చేసింది. పెన్ను పట్టిన చెయ్యి వణకడం లేదు.

"ఇద్దరు మనుషులను మాట్లాడిన చెల్లే. శుక్రారం వాని చెయ్యి ఉండది."

"పేరు?"

"ఏందే, నన్ను గుర్తువడ్తలేవా?"

"రూలన్నా. పేరు చెప్పు."

చెప్పాను. ఆమె తన పేజీ తీసి నా వైపు తిప్పింది. రెండే పేర్లు. రెండోది వాడిది.

"వానికంటే ముందు నేనా?"

"వాడు కొట్టిండు. నువ్వు సీసా ఇచ్చి మళ్ళ వాని కాడికే తోలినవ్." గొంతు పెంచలేదు. "చెయ్యి ఇరిస్తే నీకు మస్తు హాయిగుంటది, అంతే. నేను కేసు పెట్టిన. తాగి పడితే దవడ పగిలిందని కోర్టుల చెప్పుకుంటుండు వాడు. దవడ పగిలినంకనే కల్లు మొదలైందని నీకు తెల్సు. వచ్చి చెప్పు. కల్లు తెచ్చింది ఎవరో గూడ చెప్పు."

"నా ఇజ్జత్ పోతది."

"నాది పోలేదా?"

ఆ ఇద్దరు మనుషులను వద్దన్నాను. వాయిదా రోజు బోనులో నిలబడి అంతా చెప్పాను. వాడి వకీలు వెటకారంగా అడిగాడు: "ఆమెకు కల్లు అలవాటు చేసింది ఎవరు?"

"నేనే. దవడ పగిలి వచ్చిన రోజు."

వకీలు వెనక నిలబడ్డ వాడి ముఖం పాలిపోయింది. ఆ కుడి చెయ్యి ముందున్న కుర్చీ వీపును గట్టిగా పట్టుకుంది. అది చూసి నాకు కలిగిన సంతోషాన్ని దాచను. కానీ వెనక బల్ల మీద కూర్చున్న చెల్లెలు వాణ్ణి ఎలా చూస్తోందో నన్నూ అలాగే చూస్తోంది.

బయటికొచ్చాక మెట్ల మీద ఆగింది.

"పుస్తకంల నీ పేరు కొట్టేస్త అనుకోకు అన్నా."

"అనుకోలే" అన్నాను.

అనుకున్నాను.