వణుకు తీసేసిన గీత

ఒక్కచోట కుదురుగా కూర్చోవడం నాకు చిన్నప్పటి నుంచీ చేతకాదు. తెనాలిలో రైలెక్కి బాపట్ల కాలేజీకి వెళ్లే రోజుల్లో సీటు దొరికినా లేచి వెళ్లి తలుపు దగ్గర నిలబడేదాన్ని. అలాంటి నేను ఆఖరి సంవత్సరం ప్రాజెక్టుకి ఎంచుకున్న పనేమో బండెడు ఓపిక కావాల్సింది. వణికే చేత్తో గీసిన గీతని కంప్యూటర్ తెర మీద తిన్నగా చూపించాలి.

ఆ చెయ్యి మా నాన్నది. ఆయన తెనాలిలో టైలర్, షేర్వాణీలకి పేరున్నవాడు. అంతకు కొన్నాళ్ల ముందు కుడిచెయ్యి వణకడం మొదలైంది. ఇంట్లో మాత్రం ఆ మాట ఎవరమూ ఎత్తేవాళ్లం కాదు. జుబ్బా మెడ వంకరగా తెగితే నాన్న దీపాన్ని తిట్టేవాడు, అమ్మ పక్కన ఇంకో కుట్టు వేసి కప్పేసేది. ఈ నాటకం చూస్తుంటే నాకు ఒళ్లు మండిపోయేది.

ఆ ఏడాది రేపల్లె నుంచి ఒక కుటుంబం పెళ్లికొడుకు షేర్వాణీకని జరీ గుడ్డ తెచ్చి ఇచ్చింది. మళ్లీ కొందామన్నా దొరకని గుడ్డ. నాన్న దాన్ని బల్ల మీద పరిచేవాడు, ఇస్త్రీ చేసేవాడు, మళ్లీ మడిచి పెట్టేవాడు. ఏ రోజు కత్తెర పెడతాడో, ఏ రోజు పాడుచేస్తాడో అని రోజూ ఆ బల్ల వైపే చూసేదాన్ని. ఆలోపే నా పని పూర్తవ్వాలి.

ల్యాబ్‌లో ఒక పాత మౌసు విప్పాను. అడుగున దొర్లే బంతి, దాన్ని ఆనుకుని తిరిగే చిన్న చక్రాలు, వాటి కంతల్లోంచి పడే వెలుతురుని పసిగట్టే సెన్సర్లు. చెయ్యి ఎటు, ఎంత కదిలిందో అవే చెబుతాయి. పైన డొప్ప తీసేసి, టైలర్లు సుద్ద పట్టుకున్నట్టు పట్టుకోవడానికి ఒక చెక్కపిడి బిగించాను. ఇక వణుకేదో, కావాలని కదిపిందేదో ప్రోగ్రాం తేల్చాలి. తేల్చాలంటే అది కాస్త ఆగి చూడాలి. ఎక్కువ ఆగితే గీత చేతి వెనకాల ఈడ్చుకుంటూ వచ్చేది, తక్కువ ఆగితే వణుకంతా తెర మీదికొచ్చేది. మార్చడం, నడిపి చూడడం, తిట్టుకోవడం, మళ్లీ మార్చడం.

"ఏంటమ్మా, ముళ్ల మీద కూర్చున్నావా?" అనేవారు మా సార్.

"టైము లేదండి సార్," అనేదాన్ని.

నా లెక్క తేలికే. నాన్న తెర మీద గీస్తాడు, అది తిన్నని గీతై కాగితం మీద అచ్చవుతుంది, ఆ కాగితాన్ని గుడ్డ మీద పెట్టి కత్తిరిస్తాడు.

పని కుదరగానే నాన్నని బాపట్ల తీసుకెళ్లాను. ఇంట్లో మేం మాట్లాడేది ఉర్దూ, నాన్నని నేను పిలిచేది అబ్బా అని. సార్ ఉన్నారని ఆ రోజు ఆయన తెలుగులోనే మాట్లాడాడు. పిడి పట్టుకుని, ఊపిరి బిగపట్టి, భుజం నుంచి నడుము దాకా గీశాడు. చెయ్యి వణుకుతూనే ఉంది. తెర మీద గీత మాత్రం దారం లాగినట్టు వచ్చింది. సార్ చప్పట్లు కొట్టారు. నాకైతే గంతులెయ్యాలనిపించింది.

నాన్న నవ్వాడు. "గీత బాగుందమ్మా. మరి కత్తెర కూడా ఇదే పట్టుకుంటుందా?"

ఇన్నాళ్లూ గీత కోసమే కొట్టుకున్నాను. కత్తెర పట్టాల్సింది మళ్లీ ఆ చెయ్యేనని, టైలర్ కూతుర్నయ్యుండీ నాకు తట్టనే లేదు.

"లేదు అబ్బా," అన్నాను.

"ఇందులో ఏదో తీసేస్తున్నానన్నావుగా. అది ఆపు. ఇంకోసారి గీస్తా."

"వద్దులే అబ్బా. ఎందుకిప్పుడు?"

"ఆపమ్మా."

ఆపాను. అదే భుజం, అదే నడుము. తెర మీద గీత పొడుగునా రంపం పళ్లలా లేచింది. గుడ్డ మీదైతే సుద్దని చేత్తో దులిపేసి మళ్లీ గీసుకునేవాడు. ఇక్కడ దులపడానికి లేదు. నాన్న కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చూశాడు.

"ఇంత ఉందా?" అన్నాడు. "మీ అమ్మకి తెలుసా?"

తలూపాను. నీకూ తెలుసా అని అడుగుతాడేమోనని భయపడ్డాను. అడగలేదు.

తిరుగు రైల్లో నేను లేస్తూ కూర్చుంటూనే ఉన్నాను. ఆయన కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. తెనాలిలో దిగేసరికి అవతలి ప్లాట్‌ఫారం మీద రేపల్లె బండి ఆగి ఉంది. నాన్న దానివైపు చూశాడు.

"పొద్దున్నే ఈ బండికి వెళ్లి వాళ్ల గుడ్డ వాళ్లకిచ్చేసి రా బేటీ," అన్నాడు. "కత్తెర తగల్లేదు, విప్పి చూసుకోమను. ఎందుకని అడుగుతారు. మా నాన్న చెయ్యి వణుకుతోందండి అని చెప్పు."