ఊటీ మబ్బు, పేట ఎండ

2002 మార్చి. నరసరావుపేట బస్టాండు ఎదురుగా ఒక రేకుల గదిలో నా ట్రావెల్స్ ఆఫీసు. బోర్డు మీద ట్రావెల్స్ అని రాయించుకున్నా, నేను కుర్చీ దిగి ప్రయాణం చేసింది లేదు. జనాన్ని చల్లటి కొండలకు పంపుతూ నేను మాత్రం రేకుల కింద ఉడికేవాణ్ణి. మా పనికి ప్రాణం ఐటినరరీ. అంటే ఏ రోజు ఏ బండి ఎక్కాలో, ఏ ఊళ్ళో పడుకోవాలో రాసిచ్చే కాగితం.

దగ్గరి పల్లె నుంచి మిర్చి రైతు కోటయ్య గారు, ఆయన భార్య సామ్రాజ్యం గారు వచ్చారు. ఊటీలో రెండు రోజులు, ఆదివారం మైసూరు, అటునుంచి బెంగళూరు మీదుగా ఇంటికి. ఆదివారం తప్పకూడదని ఆవిడ పట్టు. ఆ సాయంత్రమే ప్యాలెస్‌కి దీపాలు వెలిగిస్తారట.

"కల్లంలో కాయ ఆరబోసి ఉందండీ. ఏప్రిల్ దాటాక చూద్దాం," అన్నారాయన.

"ఏప్రిల్ దాటితే దుక్కులంటారు, ఆనక పత్తంటారు. పాతికేళ్ళుగా ఇదే పాట. నువ్వు రాయి బాబూ," అన్నారావిడ.

రాశాను. శుక్రవారం మధ్యాహ్నం ఊటీ నుంచి ఫోను.

"ప్రసాదు గారూ, మబ్బేసిందండీ! కాయ తడిసిపోద్ది. మైసూరు వద్దు, ఇట్నుంచిటే వచ్చేస్తాం. టిక్కెట్లు మార్చండి."

బయటికెళ్ళి చూసొచ్చాను. పిల్లమబ్బు కూడా లేదు. "ఇక్కడ ఎండ మాడ్చేస్తోందండీ. ఊటీలో మబ్బు మామూలే. జనం వెళ్ళేదే దానికోసం!"

"అది పేట ఎండ. మా కల్లం మీద సంగతేంటి?"

"కాపలా ఉన్న మీ బావమరిదిని అడక్కపోయారా?"

"వాడా! కొంప తగలబడుతున్నా బానే ఉందంటాడు."

వెనక నుంచి ఆవిడ గొంతు వినిపించింది: "పొద్దున్నుంచీ కొండ చూసింది లేదు, పువ్వు చూసింది లేదు. మబ్బు కనపడితే చాలు, కాయ మీద కప్పే పట్టా ఏదీ అంటన్నాడు!"

"గంటాగి చేయండి," అని స్కూటరు తీశాను. ట్రావెల్స్ పెట్టాక నేను చేసిన మొదటి ట్రావెల్ అది, ఎనిమిది కిలోమీటర్లు. కల్లం ఎర్రగా పరుచుకుని ఉంది. బావమరిది పట్టాలు మడతపెట్టి, వాటి మీదే కునుకు తీస్తున్నాడు. అతన్ని లేపకుండా గుప్పెడు కాయలు జేబులో వేసుకుని, తుమ్ముకుంటూ తిరిగొచ్చాను.

ఫోను మోగింది. చూసింది చూసినట్టు చెప్పాను. ఆయన నమ్మలేదు. ఏం చెయ్యాలో తోచక ఒక కాయ తీసి రిసీవర్ దగ్గర ఊపాను. లోపల గింజలు గలగలమన్నాయి.



"మళ్ళీ ఊపండి."

ఊపాను.

"అది కాదు, ఇంకో కాయ."

ఊపాను.

"బానే ఎండిందే... ఏమే, సంచి సర్దు. మైసూరు పోదాం."

తిరిగొచ్చాక సామ్రాజ్యం గారు మైసూర్‌పాక్ పొట్లం నా బల్ల మీద పెట్టారు. "దీపాలు వెలిగాక ఈయన ఒక్కసారన్నా ఆకాశం వంక చూళ్ళేదు బాబూ!"

"చీకట్లో మబ్బు ఎట్టా కనపడుద్ది?" అని గొణిగారు కోటయ్య గారు.

రైళ్ళూ గదులూ కుదిరితే ప్రయాణం కుదిరినట్టేనని అంతవరకూ అనుకునేవాణ్ణి. మనిషి కొండెక్కినా మనసు కల్లం దగ్గరే కాపలా కాస్తుందని అప్పుడు తెలిసింది. ఆ తరవాత ఎవరొచ్చినా, తేదీలకన్నా ముందు ఒక ప్రశ్న వేసేవాణ్ణి: "ఇంటి దగ్గర ఏం ఆరబోసి వెళ్తున్నారు?"

జవాబు విని, స్కూటర్లో పెట్రోలు ఉందో లేదో చూసుకునేవాణ్ణి.