పౌలురాజుగారి పురుగు

ఢిల్లీలో గానీ, ఫరీదాబాద్‌లో గానీ, ఘాజియాబాద్‌లో గానీ పౌలురాజుగారి పురుగును కనిపెట్టిన మొనగాడు ఇంతవరకూ లేడు. కనిపెట్టామన్నవాళ్లు బోలెడుమంది ఉన్నారు. ఆయన ఒప్పుకుంటేగా!

సంగతేమిటంటే, పౌలురాజుగారి చొక్కా జేబులో ఎప్పుడూ ఒక తేనెరంగు రాయి ఉంటుంది. చూడ్డానికి రాయేగానీ, అది ఆంబర్. నాలుగు కోట్ల ఏళ్ల కిందట ఏదో చెట్టు కార్చిన బంక గట్టిపడి అలా అయింది. ఆయన స్కూల్లో జీవశాస్త్రం చెప్పే రోజుల్లో పోలండ్ నుంచి వచ్చిన ఒక ప్రొఫెసరును ఎర్రకోట దగ్గర్నుంచి చాట్ బండిదాకా అన్నీ తిప్పి చూపిస్తే, పాపం ఆ మహానుభావుడు వెళ్తూ వెళ్తూ చేతిలో పెట్టిపోయాడు. అందులో ఒక చీమ ఉంది. చీమ పక్కన సన్నటి పోగులాంటి పురుగు ఒకటుంది. చీమ పొట్టలోనే పుట్టి పెరిగి, దాని తిండే తిని, చివరికి పొట్ట చీల్చుకుని బయటికొచ్చిందట. సరిగ్గా అప్పుడే నెత్తిన బంక పడింది. ఆ జాతి పురుగు ఇప్పుడు భూమ్మీద ఎక్కడా లేదు.

"అద్దెకొచ్చి, ఇల్లు కూల్చి, సామాను సర్దుకుని పోతుండగా పట్టుబడ్డాడు వెధవ!" అని పౌలురాజుగారు ఆ కథ చెప్పి, బొత్తానికి షూలేసుతో కట్టుకున్న భూతద్దం మన చేతికిచ్చేవారు. "ఇదిగో చీమ. పురుగెక్కడుందో చెప్పు."

చెప్పామా, చచ్చామే.

"అది పగులు. మళ్లీ చూడు."

పాస్టరు నథానియేలుగారి అమ్మాయికి రాజమండ్రిలో నొప్పులొస్తున్నాయని కబురొచ్చిన ఆదివారం కూడా ఆయన్ని వదల్లేదు. ఫోను కోసం కాచుకున్న మనిషి చేతిలో ఈ రాయి పెట్టారు. పాస్టరుగారు చూపించిన ప్రతిదీ పగులే. చివరికి ఆ శాంతమూర్తి, "బ్రదర్, దేవుడు చూపించినా మీరు పగులే అంటారు!" అని కేకేశారు. కరోల్ బాగ్‌లో సివిల్స్‌కి చదివే నవదీప్‌దీ అదే గతి. రిజల్ట్స్ వచ్చే రోజున సైబర్ కేఫ్ మెట్లమీద దొరికిపోయాడు.

"మెయిన్స్ రాసినవాణ్ణి అంకుల్, నాకు తెలీదా?"

"రాశావు నాయనా. చూడ్డం రాలేదు."

దాంతో తెలుగు చర్చిలో ఆమెన్ అనీ అనకముందే జనం చెప్పులు వెతుక్కునేవాళ్లు. అలా పారిపోవడంలో కెల్విన్ అనే కుర్రాడు అందరికంటే ముందుండేవాడు. కాకపోతే ఆ బుధవారం వాడికి పారిపోవడానికి చోటు లేకపోయింది.

ఫరీదాబాద్‌లో ఒక పెద్దాసుపత్రి రెండో అంతస్తులో ఆపరేషన్ థియేటరు. దాని ఎదురుగా ఇనప బెంచీ. బెంచీమీద కెల్విన్. తలుపు లోపల వాడి అక్క జెనీఫర్. తెనాలి నుంచి వచ్చి ఇదే థియేటర్లో నర్సుగా చేస్తూ తమ్ముణ్ణి చదివించిన మనిషి. అమ్మా నాన్నా పోయాక వాడికి అమ్మా నాన్నా ఆవిడే. ఆవిడకు చిన్నప్పుడొచ్చిన జ్వరమేదో గుండెలో కవాటాన్ని పాడుచేసిందని ఇన్నేళ్లకు తేలింది. అది మార్చాలన్నారు. రోజూ ఎవరెవర్నో బండిమీద ఆ తలుపులోంచి తోసుకెళ్లే జెనీఫర్‌ను ఆ పొద్దున వేరేవాళ్లు తోసుకెళ్లారు.

"ఏడుపు మొహం పెట్టకురా. మధ్యాహ్నానికల్లా అయిపోద్ది. ముందు టిఫిన్ తిను" అని చెప్పి లోపలికెళ్లింది. వాడు తినలేదు.

ఆ తలుపు అప్పుడప్పుడూ తెరుచుకునేది. ఒక నర్సు తల బయటికి పెట్టి "ఫలానా పేషెంట్ కే సాథ్ కౌన్ హై?" అని ఆ పేషెంటు తాలూకువాళ్లను అరిచి పిలిచేది. బెంచీమీదున్నవాళ్లందరూ ఒక్కసారి లేచి నిలబడేవాళ్లు. పిలిచిన పేరు తమవాళ్లది కాకపోతే మళ్లీ కూలబడేవాళ్లు. కెల్విన్‌కి చెమటలు పడుతున్నాయి, జనవరి చలిలో.

సరిగ్గా అప్పుడొచ్చారు పౌలురాజుగారు. ఆయన భార్య ఆనందకుమారిగారు అక్కడ హెడ్ నర్సు. ఆవిడకు క్యారేజీ కింద నర్సుల గదిలో పెట్టే వంకతో రోజూ వస్తారు. మంకీ క్యాపూ, భూతద్దమూ, ఆయనా వచ్చి కెల్విన్ పక్కన కూర్చున్నారు.

"వందనాలు కెల్వినూ. లోపలికెళ్లి ఎంతసేపైంది?"

"చాలాసేపైంది అంకుల్."

"అచ్ఛా. ఇది పట్టుకో."

"అంకుల్, ప్లీజ్. ఇవాళ వద్దు."

"ఊరికే కూర్చున్నావు గదా! ఇదిగో చీమ..."

ఈయన్ని లేచిపొమ్మనడం కన్నా పురుగేదో చూపించి వదిలించుకోవడం తేలికనుకున్నాడు కెల్విన్. భూతద్దం కంటికి ఆనించాడు. చీమ పొట్ట వెనక, మెలికపడిన పోగులా ఉంది. స్పష్టంగా కనిపిస్తోంది.

"ఇదిగోండి."

"పగులు."

"పగులు కాదండీ, మెలిక తిరిగుంది. పగులు మెలిక తిరుగుద్దా?"

"కొన్ని తిరుగుతాయి. మళ్లీ చూడు."

కెల్విన్‌కి ఒళ్లు మండింది. మళ్లీ చూశాడు. ఎన్నిసార్లు చూసినా అదే పోగు. చీమ కాలు దగ్గర ఇంకేదో నలుసుంటే అది చూపించాడు. "దుమ్ము" అన్నారు పౌలురాజుగారు. ఒక బుడగ చూపించాడు. "బుడగ" అన్నారు. మళ్లీ పోగు చూపించాడు. "చెప్పాగా, పగులని!"

ఇంతలో తలుపు ధడాలున తెరుచుకుంది. ఈసారి ఎవర్నీ పిలవలేదు. ఒక వార్డుబాయ్ చేతిలో డబ్బాతో బ్లడ్ బ్యాంకు వైపు పరుగెత్తాడు. వాడి వెనకే ఆనందకుమారిగారు బయటికొచ్చి, మొగుణ్ణీ కెల్విన్‌నీ చూసి, ఏమీ అనకుండా మళ్లీ లోపలికెళ్లిపోయారు.

"రక్తం ఎవరికి? అక్కకేనా? ఆంటీ ఏం చెప్పలేదేంటి?" కెల్విన్ గభాల్న లేచాడు. చేతిలోంచి రాయి జారి బెంచీ కిందికి దొర్లిపోయింది.

"ఓరి నాయనో! నా పురుగు!" అంటూ పౌలురాజుగారు నేలమీద పడ్డారు. అరవై దాటిన మనిషి మోకాళ్లమీద పాకుతుంటే వీడు నిలబడి చూస్తాడా? వీడూ పాకాడు. బెంచీ చివర ఒక హర్యానా ముసలాయన, తలపాగాతో, పొద్దుట్నుంచీ గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. ఆయన కొడుకూ లోపలున్నాడు. ఆయన కాళ్లు పైకెత్తి దారిచ్చాడు. రాయి దుమ్ము కొట్టుకుని డస్ట్‌బిన్ పక్కన దొరికింది.

"చూడు, చూడు! దెబ్బ తగిలిందేమో. పురుగు ఉందో పోయిందో!"

"నాలుగు కోట్ల ఏళ్లు పోనిది ఇప్పుడెక్కడికి పోద్దండీ!" అన్నాడు గానీ, కెల్విన్ చొక్కాతో రాయి తుడిచి కంగారుగా భూతద్దం పెట్టాడు. పోగు అక్కడే ఉంది. ఎందుకో ప్రాణం కుదుటపడింది. "ఉందండీ! ఇదిగో, ఇక్కడే ఉంది!"

"అది పగులు."

అంతే. మధ్యాహ్నం దాటిపోయింది. అయిపోద్దన్న ఆపరేషన్ అవలేదు. భయం, ఆకలి, కోపం అన్నీ కలిసి కెల్విన్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. వాడు నోట్లో నాలుక లేని పిల్లాడని చర్చిలో పేరు. ఆ పేరు ఆ పూట పోయింది.

"మీకు కళ్లున్నాయా లేవా? దీనికి తల ఉంది, తోక ఉంది! పొట్టలోంచి వచ్చిందని కథ చెప్పిందే మీరు. పొట్ట ఎక్కడ చిరిగిందో అక్కడే ఉంది! ఇది పగులైతే ఆ చీమ కూడా పగులే! నేను కూడా పగులే!"

"అరవకు. అరిస్తే పగులు పురుగవదు."

"ఊళ్లో అందరూ మీకు పిచ్చంటే నేనే కాదన్నానండీ! బుద్ధి తక్కువై అన్నాను!"

"ఎవరెవరన్నారేంటి?"

"అందరూ! పాస్టరుగారితో సహా!"

సెక్యూరిటీ భయ్యా కర్ర పట్టుకుని వచ్చాడు. "క్యా హో రహా హై?" అన్నాడు. కెల్విన్ ఊరుకుంటే ఒట్టు. రాయి వాడి మొహం ముందు పెట్టి, "ఆప్ బతాయియే భయ్యా, యే క్రాక్ హై యా కీడా?" అంటూ పగులో పురుగో తేల్చమని నిలదీశాడు. భయ్యా బిత్తరపోయి ఒక కన్ను మూసి భూతద్దంలోకి చూస్తున్నాడు. పౌలురాజుగారు కెల్విన్ భుజం తట్టారు. వాడు విదిలించుకున్నాడు. మళ్లీ తట్టారు.

"ఆగండి! వీణ్ణి చెప్పనీండి!"

"నిన్నేనయ్యా, పిలుస్తున్నారు."

కెల్విన్ తిరిగి చూశాడు. తలుపులోంచి నర్సు మొహం. విసుగ్గా ఉంది. "జెనీఫర్ కే సాథ్ కౌన్ హై? తీసరీ బార్ బులా రహీ హూఁ!"

పొద్దుట్నుంచీ ఏ పిలుపు కోసం చెవులు రిక్కించుకుని కూర్చున్నాడో, అది మూడుసార్లొచ్చినా వాడికి వినపడలేదు. తూలుతూ పరుగెత్తాడు. డాక్టరు మాస్కు దించుకుంటూ నాలుగు మాటలు చెప్పాడు. కవాటం మార్చారు. మధ్యలో రక్తం కాస్త ఎక్కువ పోయింది, ఎక్కించారు. గుండె దానంతటదే కొట్టుకుంటోంది. సాయంత్రానికి తెలివొస్తుంది, అప్పుడు చూడొచ్చు.

కెల్విన్‌కి సంతోషంతో ఏడుపొచ్చింది. దాచుకోలేదు. అలాగే వచ్చి బెంచీమీద కూలబడ్డాడు. పౌలురాజుగారు కళ్లు మూసుకుని "స్తోత్రం ప్రభువా" అన్నారు. తర్వాత జేబు రుమాలు వాడి చేతిలో పెట్టారు.

"కెల్వినూ, నువ్వు చూపించింది పురుగేనయ్యా."

కెల్విన్ ముక్కు తుడుచుకోవడం ఆపాడు. "ఏదీ?"

"ఆ మెలిక తిరిగిందే. కూర్చున్న కాసేపటికే పట్టేశావు. చురుకైనవాడివి."

"మరి... పొద్దుట్నుంచీ పగులు పగులని నా ప్రాణం తీశారు గదా!"

"ఒప్పుకునుంటే ఏం చేసేవాడివి? రాయి నా చేతిలో పెట్టి, ఆ తలుపునే చూస్తూ కూర్చునేవాడివి. రక్తం డబ్బా పోయినప్పుడు నీ మొహం నువ్వు చూసుకోలేదు, నేను చూశాను. మా ఆనందకు ఆపరేషనైన రోజు నేనూ ఇలాంటి బెంచీమీదే కూర్చున్నాను నాయనా. ఆ కూర్చోవడం ఎవరికీ వద్దు."

కెల్విన్‌కి పాస్టరుగారి అమ్మాయికి నొప్పులొచ్చిన ఆదివారమూ, నవదీప్ రిజల్ట్సూ గుర్తొచ్చాయి.

"మిమ్మల్ని పిచ్చాడని తిట్టాను గదండీ, అంకుల్."

"బాగానే తిట్టావు. పాస్టరుగారు ఇంకా బాగా తిట్టారు. సరేగానీ, ఆనంద క్యారేజీ తిందో లేదో చూసొస్తాను. ఇది కాస్త నీ దగ్గరుంచు" అని రాయీ, షూలేసు విప్పి భూతద్దమూ వాడి ఒళ్లో పెట్టి మెట్లవైపు వెళ్లిపోయారు.

బెంచీ దాదాపు ఖాళీ అయింది. ఆ చివర హర్యానా ముసలాయన ఒక్కడే మిగిలాడు. గోడను వదిలి ఇప్పుడు తలుపును చూస్తున్నాడు, రెప్ప వేయకుండా. కెల్విన్ కాసేపు ఆయన్ని చూశాడు. తర్వాత జరిగి జరిగి ఆయన పక్కకెళ్లి కూర్చుని, పెదనాన్నా అని పిలిచి, చీమను చూపించి పురుగెక్కడుందో అడిగాడు.

"తావూజీ, యే దేఖియే. యే చీంటీ హై. బతాయియే, కీడా కహాఁ హై?"

ముసలాయన అయిష్టంగానే తీసుకున్నాడు. భూతద్దం దగ్గరికి తెచ్చాడు, దూరం పెట్టాడు, మళ్లీ దగ్గరికి తెచ్చాడు. వేలితో ఒకచోట పొడిచి చూపించాడు. సరిగ్గా చీమ పొట్ట వెనకే.

కెల్విన్ వంగి శ్రద్ధగా చూశాడు. తల అడ్డంగా ఊపాడు.

"నహీఁ తావూజీ. వో తో క్రాక్ హై."

"అంధా హై కే, ఛోరే?" అని, నీకు కళ్లు లేవట్రా అన్నట్టు ముసలాయన గుడ్లురిమి, తలపాగా వెనక్కి తోసుకుని, రాయి పట్టుకుని కిటికీ వెలుతురులోకి లేచాడు.