కొత్త వెర్షన్‌లో మా నాయన పేరు

పోయిన ఆదివారం ఆళ్ళగడ్డలో నా పరువు ఎట్లా పోయిందో ఎవరో ఒకరు మీకు చెప్తారు. దానికి ముందే నేను చెప్పేస్తా. వేరేవాళ్ళ నోట వింటే ఇంకో రెండు కలిపి చెప్తారు. టీ తాగండప్పా, చల్లారిపోతాది.

తప్పంతా మా ఇంట్లో కంప్యూటర్‌ది. అంటే, అందరికీ నేను అట్లే చెప్తాండా.

నంద్యాలలో మా ఇంటి ముందు గదిలో ఉంటాది చూడండి, అదే. తొమ్మిదేండ్లది. నేను బడిలో సైన్సు టీచర్‌ని కదా, క్వశ్చన్ పేపర్లు, చర్చిలో పాటల షీట్లు, మా వాళ్ళ పెండ్లి కార్డుల మ్యాటర్, అన్నీ దాంట్లోనే టైపు చేస్తా. తెలుగు టైపింగ్‌లో కరుణ టీచర్‌ను మించినోళ్ళు లేరని మా బంధువుల్లో పేరు. ఆ పేరు నాకు శానా ఇష్టం కూడా.

ఆ కంప్యూటర్‌కు కొన్ని నెలల కిందట ఒక రోగం పట్టుకుంది. పొద్దున ఆన్ చేస్తే చాలు, స్క్రీన్ నిండా ఒక నోటీసు. నీ ఆపరేటింగ్ సిస్టమ్ పాతదైపోయింది, ఇంక దీనికి రక్షణ ఉండదు, కొత్త వెర్షన్‌కు మారు అని. కింద రెండు బటన్లు. 'ఇప్పుడే', 'తర్వాత'. నేను రోజూ 'తర్వాత' నొక్కి, ఏదో దొంగతనం చేసినట్టు గబగబా నా పని చేసుకునేదాన్ని.

చేయాలా వద్దా? ఇంట్లో అడిగినా, బడిలో అడిగినా.

మా ఆయన దేవదానం బస్సు డిపోలో మెకానిక్. ఆయన ఒకే మాట అన్నాడు. "నడుస్తాండే బండికి ఇంజన్ యాల దించుతావే? ఆగిపోయిన రోజు చూస్కుందాం."

బడిలో కంప్యూటర్ సారు రఫీ ఇంకో మాట అన్నాడు. "చేసేయండి మేడమ్. వైరస్ వచ్చిందనుకోండి, మీ ఫైళ్ళన్నిటికీ తాళం పడిపోతాది. మళ్ళా తెరుచుకోవు."

ఇద్దరూ చెప్పింది నిజమే అనిపించె. సరే, సైన్సు టీచర్‌ని కదా, పద్ధతిగా చూద్దామని ఒక కాగితం తీసుకుని నడిమధ్య గీత గీసి, ఈ పక్క లాభాలు, ఆ పక్క నష్టాలు రాసినా. ఈడ ఆరు, ఆడ ఆరు వచ్చినాయి. ఇంకొకటి చెప్పప్పా, తేలిపోతాదని మా ఆయన్ని అడిగితే, "మధ్యలో కరెంటు పోతే?" అన్నాడు. ఆ దెబ్బకు ఇంకో నెల రోజులు 'తర్వాత' నొక్కినా.

ఇంతలో ఆళ్ళగడ్డ నుంచి మా అన్న ప్రకాశం ఫోన్. అన్న ఆడ సంఘ పెద్ద. చర్చి పక్కన కొత్తగా హాలు కట్టినారు. ఆ హాలుకు స్థలం ఇచ్చింది మా నాయన. నాయన పేరు యేసురత్నం. దొర్నిపాడులో ముప్పై ఏండ్లు పిల్లలకు అ ఆలు దిద్దించి రిటైరైనాడు, ఇప్పుడు అన్న దగ్గరే ఉంటాడు.

"కరుణమ్మా, హాలుకు రాయి పెడతాండాం. నల్ల గ్రానైట్. సాయం చేసినోళ్ళ పేర్లన్నీ చెక్కించాల. మ్యాటర్ నువ్వే టైపు చేసి బేగా పంపీ. ఈ ఆదివారం కాదు, పై ఆదివారం ఓపెనింగు."

దేశమంతా పేరున్న ఆళ్ళగడ్డ రాతిపని గురించి నేను చెప్పాలా! బ్రహ్మయ్య ఆచారి అని, అన్నకు బాగా తెలిసినాయన. పేపరు మీద అక్షరం ఎట్లుంటే రాతి మీద అట్లే దించుతాడు. వెంట్రుక వాసి తేడా రాదు. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి. నా కొంప ముంచింది ఈ గొప్పతనమే.

టైపు చేసినా. మొత్తం పద్నాలుగు పేర్లు. అన్నిటికంటే పైన, కొంచెం పెద్ద అక్షరాల్లో, స్థలదాత శ్రీ యేసురత్నం మాస్టారు. ఒక్క పొల్లు తేడా వచ్చినా జన్మంతా మాట పడాల కదా, అందుకని నాలుగు సార్లు చదివినా. మా ఆయనతో ఒకసారి చదివించినా. ఎక్కడా తప్పు లేదు. సేవ్ చేసినా. రెండో శనివారం సెలవు కదా, తీరుబాటుగా ప్రింటు తీద్దాంలే అనుకున్నా.

శుక్రవారం బడిలో రఫీ సారు ఒక కథ చెప్పినాడు. ఎవరో ఒకాయన కంప్యూటర్‌లో పదేండ్ల ఫైళ్ళు వైరస్ వచ్చి ఒక్క పూటలో పోయినాయంట. మా నాయన పేరున్న ఫైలు! రాయి! ఆదివారం! వైరస్ కరెక్టుగా ఈ వారమే వస్తే?

శనివారం పొద్దున మా ఆయన డ్యూటీకి పోతా పోతా అన్నాడు. "ప్రింటు తీసినాక ఏమన్నా చేస్కో. ముందు తీయి."

ఎంత మంచి మాట! కానీ చెప్పింది మెకానిక్, విన్నది టీచరు. ముందు సిస్టమ్ భద్రంగా ఉంటే, ఆ తర్వాత ప్రింటు కూడా భద్రంగా వస్తాది కదా అని నా లాజిక్. 'ఇప్పుడే' నొక్కినా.

అది మర్యాదగా ఒక ప్రశ్న అడిగింది. అన్నీ ఉంచుకుంటావా, నీ ఫైళ్ళు మాత్రం ఉంచుకుంటావా అని. నేను ఎంత తెలివైనదాన్నో చూడండి. తొమ్మిదేండ్ల చెత్త అంతా యాల, నాకు కావాల్సింది ఫైళ్ళే కదా? 'ఫైళ్ళు మాత్రం' నొక్కినా. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పాత సామాన్లు తీసి పారేసినంత హాయిగా అనిపించె.

రెండు గంటలు తిరిగింది. కరెంటు పోలేదు. కొత్త స్క్రీన్ వచ్చింది, కొండలు, నీళ్ళు, ఎంత అందంగా ఉందో! మా ఆయనకు ఫోన్ చేసి "చూసినావా, ఇంజన్ దించి ఎక్కించినా" అని కూడా అన్నా.

అప్పుడు ఫైలు తెరిచినా.

దేవుడా! మా నాయన పేరుండే చోట ఒక డాలరు గుర్తు, రెండు కామాలు, నెత్తిన గొడుగు పట్టుకున్న ఒక ఇంగ్లీషు అక్షరం! పద్నాలుగు పేర్లూ అంతే. ఒక్క తెలుగు ముక్క లేదు. ఎవరో గుప్పెడు మేకులు తెచ్చి పేపరు మీద చల్లినట్టుంది.

వెంటనే రఫీ సారుకు ఫోన్ చేసినా.

"భయపడొద్దు మేడమ్, ఫైలు బాగానే ఉంది. తెలుగు ఫాంట్ పోయింది, అంతే. ఆ ఫాంట్ మీ దగ్గర వేరే యాడన్నా ఉందా?"

యాడుంటాది! కంప్యూటర్ కొన్న రోజు దాన్ని బిగించిన మనిషి ఎక్కించిపోయినాడు. ఆయన షాపు ఎప్పుడో ఎత్తేసినాడు. నేను పారేసిన చెత్తలో మొదట పోయింది ఆ ఫాంటే.

పాపం రఫీ సారు మధ్యాహ్నం పెన్‌డ్రైవ్ తీసుకుని ఇంటికే వచ్చినాడు. "ఇది దానికి తమ్ముడు లాంటి ఫాంట్ మేడమ్. చూద్దాం" అని ఎక్కించినాడు. ఫైలు తెరిస్తే, ఆహా! మేకులన్నీ లేచి అక్షరాలైపోయినాయి! శ్రీకారం కనపడింది, స్థలదాత అని కనపడింది, తేదీ కనపడింది. నాకు ఏడుపొక్కటే తక్కువ. సారు పోతా పోతా అన్నాడు. "ఒకసారి మొత్తం చదువుకోండి మేడమ్."

"నాలుగు సార్లు చదివినా సార్!" అన్నా నేను.

అవును, చదివినా. పాత ఫాంట్‌లో.

రాయి సైజుకు ముక్కలు ముక్కలుగా ప్రింటు తీసి, షీట్లన్నీ గమ్ముతో అతికించి, చుట్ట చుట్టి, సాయంత్రం అన్న నంద్యాలకు పనిమీద వస్తే చేతికిచ్చినా. ఆ రాత్రి హాయిగా నిద్రపోయినా కూడా.

వారం తిరిగి ఓపెనింగు ఆదివారం వచ్చింది. హాలు నిండా జనం. నాయన కొత్త తెల్ల చొక్కా వేసుకుని ముందు కుర్చీలో కూర్చున్నాడు. రాయి మీద గుడ్డ కప్పినారు. బ్రహ్మయ్య ఆచారిని కూడా పిలిచి శాలువా కప్పినారు. ప్రార్థన అయినాక గుడ్డ తీసినారు. నల్లగా, అద్దం మాదిరి మెరుస్తాంది. అందరూ చప్పట్లు. పాస్టర్ అయ్యగారు నవ్వుతా అన్నాడు. "ఈ పేర్లన్నీ టైపు చేసింది కరుణమ్మ. ఆమే చదివితే బాగుంటాది."

మైకు నా చేతికొచ్చింది. పైన పేరు చివరికి చదువుదాం, నాయనను గొప్పగా చూపించినట్టుంటాదని, రెండో పేరు నుంచి మొదలుపెట్టినా.

"శ్రీ చి... చిన్... త... య్య..."

చిన్నయ్య మామ కదా అది! సున్నిపెంటలో డ్యాం పని చేసి రిటైరైనాడు. ఆయన వెనక నుంచి లేచినాడు. "ఏందమ్మా, చింతయ్యా? నాకేం చింత? పింఛను వస్తాంది!"

హాలంతా ఒకటే నవ్వు. నా కండ్లు గబగబా కిందికి పోయినాయి. న-వత్తు ఉండాల్సిన ప్రతి చోటా త-వత్తు! తమ్ముడు ఫాంట్ అన్నిటినీ సరిగ్గానే చూపించి, ఆ ఒక్క వత్తు మార్చేసింది. అన్నమ్మ పిన్నమ్మ పేరు అన్తమ్మ అయిపోయింది. ఆమెకు డెబ్బై ఎనిమిది. కూర్చున్న చోట నుంచే అరిచింది. "ఇంకా బతికే ఉండాను కదే, అప్పుడే అంతమ్మ చేస్తివా?"

ఇంక పైన పేరు చూడాలంటే భయం. చూసినా.

శ్రీ యేసురత్తం మాస్టారు.

మా సీమలో రక్తాన్ని రత్తం అనే అంటాం. మీకు తెలియంది కాదు. పెద్ద అక్షరాల్లో, గ్రానైట్ మీద, వేలు మందం లోతున మా నాయన రత్తం అయిపోయినాడు.

మైకు ఆఫ్ చేయడం మర్చిపోయి "బ్రహ్మయ్యన్నా, చెక్కేటప్పుడు నువ్వన్నా చూడలేదా!" అని గట్టిగా అనేసినా.

ఆయన శాలువా సర్దుకుంటా, "టీచరమ్మ రాసిస్తే తప్పు ఉంటాదా అనుకుంటినమ్మా. చింతయ్య, అంతమ్మ అంటే, బైబిల్లో పేర్లేమోలే అనుకున్నా. మీ నాయన పేరయితే అసలు డౌటే రాలేదు. యేసు రత్తం అని మీ పాటల్లో రోజూ మైకులో వింటాంటాం కదా" అన్నాడు.

అప్పుడు నాయన లేచినాడు. కర్ర ఆనించుకుంటా రాయి దగ్గరికి పోయి, కండ్లద్దాలు పైకి నెట్టి, ఆ వత్తు మీద వేలు పెట్టి తడిమినాడు.

"పాపా."

"నాయనా."

"ఇది న-వత్తా?"

"కాదు నాయనా."

"ఏ వత్తు?"

"త-వత్తు నాయనా."

ముప్పై ఏండ్లు పంతులు పని చేసిన చెయ్యి కదా, ఊరుకుంటాదా! నేరుగా నా చెవి పట్టుకుంది. నలభై ఎనిమిదేండ్ల గవర్నమెంట్ టీచర్‌ని, సంఘమంతా చూస్తాంటే, మైకు ముందర, నాయన నా చెవి మెలిపెట్టినాడు. "అమ్మా!" అన్నది స్పీకర్లో బయట రోడ్డు దాకా వినపడిందంట. పిల్లలు బెంచీలు కొట్టి నవ్వినారు. మా ఆయన మొహం కర్చీఫ్‌లో దాచుకున్నాడు. ఏడుస్తాండాడేమో అనుకున్నా. కాదు.

బ్రహ్మయ్య ఆచారి రెండు రోజుల్లో తప్పు పూడ్చి మళ్ళా చెక్కుతానన్నాడు. నాయన వద్దన్నాడు. "చిన్నయ్యది, అన్నమ్మది సరిచేయి. నాది ఉండనీ."

"అదేంది నాయనా, అంత తప్పు పెట్టుకుని!" అన్నాడు అన్న.

"నా పేరు ఎవడు చదువుతాడు రా? ఇట్లుంటే ఒక్కొక్కడూ ఆగి చదువుతాడు. చదివి, ఎవరు రాసినారని అడుగుతాడు. అప్పుడు నా బిడ్డ పేరు కూడా చెప్తారు" అన్నాడు.

నవ్వాలో ఏడ్వాలో తెలియలేదు. ఒక చేత్తో చెవి రుద్దుకుంటా, ఇంకో చేత్తో కండ్లు తుడుచుకున్నా.

మధ్యాహ్నం భోజనాలైనాక సంఘం కమిటీ కూర్చుంది. కొత్త హాలులో మొదటి తీర్మానం ఏందో తెలుసా? ఇకమీదట చర్చికి సంబంధించిన ఏ రాతయినా కంప్యూటర్‌లో కాకుండా చేత్తోనే రాసి, ఇద్దరు పెద్దలు చదివినాకే బయటికి పోవాలని. అందరూ చేతులెత్తినారు. నేనూ ఎత్తినా. అదంతా ఆ కొత్త సిస్టమ్ వల్ల వచ్చిందే తప్ప నాకు తెలుగు రాక కాదని ఇంకోసారి అందరికీ వివరంగా చెప్పినా. అయ్యగారు సరేనమ్మా అని, మినిట్స్ పుస్తకం, పెన్ను నా చేతికే ఇచ్చినాడు. పరువు నిలబెట్టుకోవాల కదా, గుండ్రటి అక్షరాలతో, గీత మీద నిలబడేట్టు, ముత్యాల్లా రాసిచ్చినా.

అన్న చదివినాడు. ఇంకో పెద్దాయన చదివినాడు. ఇద్దరూ నా మొహం చూసి, పుస్తకం నా వైపు తిప్పినారు.

'తీర్మానం' అని రాయబోయి 'తీర్నానం' అని రాసినా. కరెంటు లేదు, ఫాంట్ లేదు, వెర్షన్ లేదు. ఉండేది ఒక పెన్ను, నేను!