గోడెక్కిన నా సుద్దముక్కలు

మా ఆవిడను విందులకు తీసుకెళ్ళడం నా వల్ల కాదు. అందరూ వంటలు మెచ్చుకుంటుంటే తను చేతులు కడిగే చోట నిలబడి, ఈ నీళ్ళన్నీ ఎటు పోతున్నాయని ఆరా తీస్తుంది. ఇరవై రెండేళ్ళుగా మురుగునీటి శుద్ధి కేంద్రంలో ఉద్యోగం మరి. ఊరంతా స్నానాలు చేసే వేళకు కాలువ గట్టున నిలబడి, గోడకు బిగించిన కొలబద్ద మీద నీటిమట్టం చూసి రిజిస్టరులో రాయాలి. ఊరు ఎంత పెరిగిందో తనకు తెలిసినట్టు ఎవరికీ తెలియదంటుంది, అదేదో తనే పెంచి పెద్దచేసినట్టు.

నేను దర్జీని. కొన్నేళ్ళ కిందట నా కొట్లో మైనపు సుద్దలు మాయమవుతుండేవి. గుడ్డ మీద గీసుకునేవి, నీళ్ళు తగిలినా పోవు. ఎలుకలు తింటాయా వీటిని? అడిగితే మా ఆవిడ డ్యూటీకి వేళయిందంటూ చెప్పులేసుకునేది.

మూడేళ్ళ కిందట, కొత్త కేంద్రం ఎంత పెద్దది కట్టాలో తేల్చడానికి ఇంజినీరుగారు వచ్చారు. క్యారేజీ ఇవ్వడానికి వెళ్ళిన నేను, మెడలో టేపుతోనే అక్కడ నిలబడిపోయాను. ఆయన రిజిస్టరు తిరగేశారు.

“రెండేళ్ళుగా పొద్దున మట్టం నూరు సెంటీమీటర్ల దగ్గరే ఉంది. అంటే ఊరు పెరగడం ఆగింది. చిన్నది చాలు.”

మా ఆవిడ మొహం పాలిపోయింది. ఆ కొలబద్ద నూరుతోనే అయిపోతుంది! బద్ద మీద ఉన్నదే రాయాలని రూలు. నీళ్ళు దాన్ని ముంచేసినా ఈ మహాతల్లి రోజూ నూరే రాసింది. చిన్న కేంద్రం కడితే పట్టని మురుగు ఎగదన్నేది మా పల్లపు వీధిలోకే. అంతకుముందు వానలకే అది గడప దాటి నా కుట్టుమిషను కాళ్ళు తడిపింది. నాకు ఒళ్ళు మండింది.

“నూటపదో నూటిరవయ్యో రాస్తే నీ సొమ్మేం పోయింది?” అన్నాను అందరి ముందే.

“బద్ద మీద లేని అంకె ఎలా రాస్తానండీ?” అని, ఇంజినీరుగారి వైపు తిరిగింది. “సార్, ఒక్కసారి కాలువ దగ్గరికి రండి.”

మెట్లు దిగాం. బద్దకు పైన, సిమెంటు గోడ మీద పసుపు, ఎరుపు, నీలం గీతలు, ఒకదాని మీద ఒకటి. పక్కనే నెల, సంవత్సరం. నెలకొకటి చొప్పున ఇరవై నాలుగు. నా సుద్దలు!

“ఓసి దొంగమొహమా!”

“అడిగితే ఇచ్చే చెయ్యేనా మీది?”

ఇంజినీరుగారు పకపకా నవ్వి, నా మెడలో టేపు లాక్కుని కొలిచారు. బద్ద చివర నుంచి పై గీతకు యాభై రెండు సెంటీమీటర్లు. ఆయన నవ్వు ఆగిపోయింది.

“అమ్మా, లెక్క మొత్తం మళ్ళీ వేస్తాను,” అన్నారు.

వేశారు. అనుకున్నదానికి రెండింతల కేంద్రం కట్టారు.

ఈ ఏడు వాన దంచికొట్టింది. పొద్దున భయపడుతూ లేచి చూస్తే, గడప ఇవతల గచ్చు పొడిగా ఉంది. సంతోషంతో నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మా ఆవిడ మాత్రం డ్యూటీకి బయల్దేరుతూ నా సొరుగులో వెతుకుతోంది.

“కొత్త బద్ద రెండున్నర మీటర్లుంది కదే, ఇంకా సుద్దలెందుకు?”

“బద్ద ఆగుతుంది గానీ ఊరు ఆగుతుందా అండీ?”

నేనే కొత్త డబ్బా తెరిచి ఇచ్చాను.