చల్లారినంక చూస్త

పాల్వంచ వెల్డర్ సమ్మయ్య ఏ యంత్రాన్నయినా ముందు అరచేత్తో తాకి చూస్తాడు. కరెంటు లేని అడవిలో పైపులైను పని నడుస్తోంది. సొంత డీజిల్ వెల్డింగ్ మెషిన్ ఉంటే అక్కడ కూలీ కాదు, మేస్త్రీ. అందుకే కూడబెట్టిందంతా పట్టుకుని ఖమ్మం వచ్చాడు. పాత మెషిన్ల షాపులో కొత్త రంగేసినదొకటి అప్పటికే నడుస్తోంది. తాకితే చెయ్యి కాలింది.

"ఆపన్నా. వేడి మీద ఏదైనా స్టార్టయితది. చల్లారినంక చూస్త."

"పెండ్లిచూపులకొచ్చినవా ఏంది?" షాపతను నవ్వాడు.

సమ్మయ్య బీడీ ముట్టించి కూర్చున్నాడు. చల్లారాక హ్యాండిల్ ఎంత తిప్పినా అది స్టార్టవలేదు. మూలనున్న తుప్పు మెషిన్ మాత్రం ఒక్క తిప్పుకే అందుకుంది. వెల్డింగ్ రాడ్ పెట్టి పైపు ముక్కలు అతికిస్తున్నా, ఆ భారానికి ఇంజన్ చప్పుడు తగ్గలేదు. దాన్నే కొని ట్రాలీ ఆటోలో పాల్వంచ తెచ్చాడు.

పైపులైను కాంట్రాక్టర్ ఎదురయ్యాడు. "ఎవరిదిరా మెషిన్? రేపు కూలీకి జల్దీ రా."

"నాదే సార్. కూలీకి రాను, మెషిన్‌తోటి వస్త."