మంగాయమ్మ గారి రాయి

2022 వేసవి. రామచంద్రపురం దాటాక కాలవ గట్టునున్న ఒక పల్లెటూరు. అక్కడి వేణుగోపాలస్వామి గుడిలో రాతి కల్యాణ మండపం పగిలిందని నన్ను పిలిచారు. నేను రాజమండ్రిలో ఉంటాను. పాత కట్టడాలు బాగుచేసే ఇంజినీరుని. గుడి, మసీదు, కోట గోడ, దొరల కాలంనాటి బంగళా, ఏదైనా సరే, పడిపోయేలా ఉందంటే పరిగెత్తుకెళ్తాను. కొత్త అపార్ట్‌మెంట్ చూస్తే ఆవలింతలొస్తాయి నాకు.

కాకపోతే ఈసారి పిలిచింది బాగుచేయడానికి కాదు. పనికిరాదు, పడగొట్టండి అని సంతకం పెట్టడానికి.

ఆలయ కమిటీ చైర్మన్ వీర్రాజు గారు గేటు దగ్గరే ఎదురొచ్చారు. పెద్ద గొంతు, అంతకన్నా పెద్ద మర్యాద. మజ్జిగ ఇప్పించి మరీ చెప్పారు.

"ఇందులో చూడ్డానికేం లేదండి మేడమ్. దీన్ని తీసేసి స్లాబు వేసేద్దాం. వచ్చే ఏడు వైశాఖంలో స్వామి కల్యాణం కొత్త మండపంలోనే."

"నేనింకా లోపలికే రాలేదు, మీరప్పుడే స్లాబు వేసేశారేంటండీ?" అన్నాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది.

మండపం కాలవ వైపు మూల కిందికి జారింది. అరుగు నుంచి పైదాకా పగులు. ఆ మూల స్తంభం మీదే వెన్నదొంగ కృష్ణుడు ఉన్నాడు. చెయ్యి కుండలో, చూపు మన మీద. ఎన్ని తరాలుగా అలా దొరికిపోయి నవ్వుతున్నాడో! ఆ నవ్వు చూశాక పడగొట్టమని రాయడానికి నాకు చెయ్యి రాలేదు.

పగులుకు అడ్డంగా ఒక సన్నటి గాజు పట్టీ అతికించాను. మా వాళ్లు దీన్ని టెల్‌టేల్ అంటారు. రాయి వెంట్రుకవాసి కదిలినా ముందు గాజు పగులుతుంది. కట్టడం కదలడం ఆగిందో లేదో అదే చెబుతుంది.

వారం తిరక్కుండా అర్చకులు ఆచార్యులు గారు ఫోన్ చేశారు. "గాజు పగిలిందమ్మా." వెనకనుంచి వీర్రాజు గారి గొంతు: "చెప్పానా నేను!"

ఆ ఏడు కల్యాణం గుడి బయట షామియానా కింద జరిపించారు. ముసలమ్మలు మొహాలు మాడ్చుకుని కూర్చున్నారు. నేనూ వాళ్ల మధ్యే కూర్చున్నాను, నా మొహం ఇంకా మాడిపోయి. కల్యాణం కాగానే వీర్రాజు గారు కాగితం చేతికిచ్చారు. సంతకం పెట్టండన్నారు.

అప్పుడు ఎండలు మండిపోతున్నాయి. కాలవలు కట్టేసి ఉన్నాయి. డెల్టాలో ఏటా వేసవిలో మరమ్మతుల కోసం నీళ్లు ఆపేస్తారు కదా. గట్టు మీంచి చూస్తే అడుగు నేల పలకలు పలకలుగా బీటలు వారింది. చటుక్కున నా బుర్రలో ఏదో వెలిగింది.

"వీర్రాజు గారూ, కాలవకి నీళ్లొచ్చేదాకా ఆగండి. అప్పటికీ లోపం మండపంలోనే ఉందని తేలితే నేనే దగ్గరుండి పడగొట్టిస్తాను."

"కాలవకీ మండపానికీ ఏంటండీ సంబంధం?"

"అదే తేలుద్దాం. మీ జేబులో పది రూపాయల బిళ్ల ఉందా?"

బిళ్ల తీసి ఆయన చేత్తోనే పగుల్లో నిలువుగా పెట్టించాను. సుఖంగా దూరింది. వానలు పడి, కాలవ నిండుగా పారుతున్న రోజుల్లో మళ్లీ వెళ్లి, నా దగ్గర దాచిన ఆ బిళ్లే ఇచ్చి అదే చోట పెట్టమన్నాను. దూరలేదు. ఆయన తిప్పి పెట్టారు, నొక్కి పెట్టారు. ఊహూ. బిళ్ల వైపు అనుమానంగా చూశారు, మార్చానేమో అన్నట్టు.

"మీ బిళ్లేనండీ బాబూ!" అన్నాను. నాకు గెంతులేయాలనిపించింది.

మన నల్లరేగడిని మా భాషలో ఎక్స్‌పాన్సివ్ సాయిల్ అంటారు. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంగిపోతుంది. మండపంలో లోపం లేదు. దాని కాళ్ల కింద నేల ఏటా ఎండుతోంది. అయితే కాలవలు కట్టేయడం కొత్తగా మొదలైంది కాదు కదా. మరి పగులు ఇప్పుడెందుకొచ్చింది? ఆచార్యులు గారిని అడిగితే, మండపం చుట్టూ గ్రానైట్ పరిచాకే అన్నారు.

అడుగున కాంక్రీటు, పైన మెరిసే గ్రానైట్. పైనుంచి చుక్క నీరు దిగే దారి లేదు. కింద ఉన్న కాస్త తడినీ ప్రహరీ పక్క కొబ్బరిచెట్ల వేళ్లు లాగేస్తున్నాయి. విషయం అర్థమైంది కానీ చెప్పడమే కష్టం. మన గుళ్లలో ఫ్యాను రెక్కల మీద కూడా దాత పేరు ఉంటుంది. ఈ గ్రానైట్ నడుమ పెద్ద పలక మీద ఇలా చెక్కించి ఉంది: కీర్తిశేషులు మంగాయమ్మ గారి జ్ఞాపకార్థం, కుమారుడు వీర్రాజు.

చెప్పక తప్పలేదు. "ఈ గ్రానైట్ తీసేయాలండీ."

ఆయన మొహం ఎర్రబడింది. "మా అమ్మ పేరున్న రాయి పెకలిస్తారా? మండపం పోతే పోయింది. ఆ రాయి మీద ఎవరన్నా చెయ్యి వేస్తే ఊరుకోను!"

నాకూ చిర్రెత్తింది. ఏదో అనబోయేంతలో ఆచార్యులు గారు మెల్లగా అందుకున్నారు. "మంగాయమ్మ గారు ఉన్నన్నాళ్లూ ఈ మండపం చుట్టూ ఆవిడే కళ్లాపి చల్లేవారండి. కాలవ కట్టేసిన రోజుల్లో అయితే దుమ్ము రేగకూడదని రెండుపూటలా. బావిలోంచి తోడుకుని మరీ. ఆవిడను చూసి మిగతా ఆడవాళ్లూ వచ్చేవారు. గ్రానైట్ పరిచాక కళ్లాపితో పనేముంది, మానేశారు."

అంతే, లెక్క తేలిపోయింది. ఒక్క కళ్లాపితోనే మండపం నిలబడిందని నేను చెప్పను. కానీ వాన ఇంకే మట్టినేల, ఎండాకాలంలో రోజూ అన్ని బిందెల నీళ్లు. అప్పట్లో ఆ నేల పూర్తిగా ఎండే అవకాశమే లేదు.

"వీర్రాజు గారూ, మీ అమ్మగారు దుమ్ము అణుగుతుందని చల్లారు. ఆవిడకి తెలియకుండానే ఈ పునాదిని కాపాడారండీ" అన్నాను.

ఆయన ఆ పలక పక్కన చతికిలబడి పేరు మీద చెయ్యి పెట్టుకున్నారు. కళ్లు తుడుచుకోవడానికి కండువా సరిపోలేదు.

"అమ్మ చేసింది నేను ఆపించేశానన్నమాట" అన్నారు. లేచి, పంచె ఎగ్గట్టి, గునపం తెమ్మన్నారు. మొదటి పలక ఆయనే లేపారు. వాళ్లమ్మ పేరున్నది మాత్రం మేం నలుగురం కలిసి, అంచు విరక్కుండా తీశాం.

ఆ తర్వాత నా పని పండగలా సాగింది. అడుగున కాంక్రీటు కూడా పగలగొట్టించి, మళ్లీ మట్టినేల చేయించాను. కొబ్బరిచెట్ల వైపు నుంచి వేళ్లు రాకుండా లోతుగా అడ్డుగోడ దింపించాను. కుంగిన మూలను జాకీల మీద కాస్త కాస్తగా ఎత్తి, పునాది సరిచేశాం. రాళ్ల సందుల్లో ఎవరో కుక్కిన సిమెంటు గీకేసి గానుగ సున్నం పెట్టాం. అది కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు పోసి రుబ్బిన పాతకాలపు సున్నం. బెల్లం ఎవరిదన్న దగ్గర ఊళ్లో పోటీ వచ్చింది. వీర్రాజు గారే అందరి బెల్లం కలిపేయమని తీర్పు చెప్పారు.

మళ్లీ వేసవి వచ్చింది. కాలవలు కట్టేశారు. కొత్త గాజు పట్టీ అతికించి ఇంటికొచ్చాను గానీ ఫోన్ మోగితే చాలు, గాజు పగిలిందన్న కబురేమోనని పరిగెత్తి ఎత్తేదాన్ని. ఆచార్యులు గారి ఫోన్ రానే రాలేదు.

కల్యాణం నాటి పొద్దున్నే వెళ్లాను. కాలవ అడుగు ఎప్పటిలాగే బీటలు వారి ఉంది. మండపం మూలకు పరుగులాంటి నడకతో వెళ్లి చూశాను. గాజు చెక్కుచెదరలేదు! వెన్నదొంగ మొహం మీద లేత ఎండ పడుతోంది. ఆ స్తంభాన్ని కావలించుకున్నాను, ఎవరేమనుకున్నా సరే. లోపల ముసలమ్మలు అప్పుడే ముందు వరసలో చోటు పట్టేసి, "రావే అమ్మాయ్, ఇటు రా" అంటూ నాకూ ఒక చోటు ఆపారు.

ఇప్పుడు ఏ పాత కట్టడం దగ్గరికెళ్లినా, పగులు చూడకముందే ఊళ్లోవాళ్లని ఒక మాట అడుగుతాను. ఇక్కడ ఇంతకుముందు రోజూ ఎవరు ఏం చేసేవారండీ, ఎప్పుడు మానేశారండీ అని. ఏ కాలేజీలోనూ నాకీ ప్రశ్న నేర్పలేదు. మంగాయమ్మ గారు నేర్పారు. ఆవిడ పేరున్న పలక ఇప్పుడు బావి పక్కన ఉంది. ఆడవాళ్లు బిందెలు దాని మీదే దించుకుంటారు.

ఆ పొద్దున నేను స్తంభాన్ని వదిలి వెనక్కి తిరిగేసరికి, వీర్రాజు గారు పట్టుపంచె మోకాళ్ల దాకా ఎగ్గట్టి, బకెట్ పట్టుకుని నిలబడి ఉన్నారు.

"కాస్త పక్కకి జరగండి మేడమ్, చీర తడుస్తుంది" అన్నారు. "ఇవాళ కళ్లాపి వంతు నాది."